చీటీలో లేని గడి

మా పద్మారావు నగర్ ఇంటి పై వాటాలో ఉండే అమ్మాయి సైకాలజీలో ఏదో పెద్ద చదువు చదువుతోంది. మొన్నొక రోజు పొద్దున్నే నాలుగు కాగితాలు పట్టుకుని కిందికి దిగింది. బళ్ళకు వెళ్ళి పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల చేత నింపించే ప్రశ్నలట. "ఆంటీ, మీరు టీచర్ చేసిన్రు గదా, జెర తెలుగు చూసిపెట్టరా?" అంది. నాకు ఇంకొకరి తెలుగు దిద్దడమంటే ఉన్న సరదా ఇంకెందులోనూ లేదు. అద్దాలు పెట్టుకుని కూర్చున్నాను.

గత ఏడు రోజుల్లో నువ్వు ఎవరినైనా ఎన్నిసార్లు కొట్టావు? ఎన్నిసార్లు తిట్టావు? నువ్వు ఎన్నిసార్లు నెట్టివేయబడ్డావు? "నెట్టివేయబడడమేమిటే తల్లీ, ఏ పిల్లకు అర్థమవుతుంది? నెట్టారా అని రాయి" అని కసురుకుంటూ దిద్దుతున్నాను. తొమ్మిదో ప్రశ్న దగ్గర పెన్సిలు ఆగిపోయింది. గత ఏడు రోజుల్లో నీ తోటివాళ్ళు కావాలని నిన్ను ఎన్నిసార్లు పక్కన పెట్టారు?

"తప్పుందా ఆంటీ?" అంది ఆ అమ్మాయి.

తప్పు లేదు. ఎవరు తీసెయ్యమన్నా ఈ ప్రశ్న మాత్రం తీసెయ్యొద్దని చెప్పి కాగితాలు ఇచ్చేశాను. ఆమె పైకి వెళ్ళాక కాసేపు కాఫీ కూడా పెట్టుకోబుద్ధి కాలేదు. మా ఏడో తరగతి చీటీల్లో ఈ ప్రశ్న లేదు. లేకపోవడం వల్ల ఏమైందో చెప్పాలంటే ముందు నా బుద్ధి ఎలాంటిదో చెప్పుకోవాలి. అది గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు.

పోలీసు చర్య అయిన ఏడాది అది. సెప్టెంబరులో మూసిన బడి దసరా దాటాక గానీ తెరవలేదు. మా నాన్న రైల్వేలో గుమస్తా, మెట్టుగూడలో క్వార్టరు. మా అమ్మ నేను చదివే ఆడపిల్లల బడిలోనే ఒకటో తరగతి టీచరు. బందరు నుంచి వచ్చి స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం మాది. బడి తెరిచేసరికి మా తరగతిలో సగానికి సగం బెంచీలు ఖాళీ. కొందరు బెజవాడ వైపు వెళ్ళి ఇంకా రాలేదు, కొందరు ఎక్కడికి వెళ్ళారో ఎవరూ చెప్పరు. నేరేడ్‌మెట్ వైపు మిలిటరీ లారీలు వరసగా పోతుంటే పాఠం ఆపి అందరం కిటికీ వైపు చూసేవాళ్ళం. బేగంపేట మీద విమానం చప్పుడైతే చిన్న తరగతుల్లో ఎవరో ఒకరు ఏడుపు లంకించుకునేవాళ్ళు.

పెద్దవాళ్ళు ఇళ్ళల్లో గుసగుసగా మాట్లాడుకునేదంతా మేం బడిలో చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. జడలు లాగడం, గిల్లడం, పలక తీసి దాచడం, ఊరికే, ఏ కారణమూ లేకుండా చెంప మీద ఒకటి ఇవ్వడం. పన్నెండేళ్ళ పిల్లలకు భయం వేస్తే ఏం చెయ్యాలో తెలీదు. ఎవరో ఒకరి మీద చెయ్యి పడితే కాసేపు తగ్గినట్టుండేది. పెద్ద టీచరుగారు, అంటే మా హెడ్మిస్ట్రెస్, బెత్తం పట్టుకుని తిరిగీ తిరిగీ విసిగిపోయారు. "ఎవరు మొదలుపెట్టారో, ఎవరు ఏడుస్తున్నారో నాకు కథలొద్దు. ఎవరెన్నిసార్లు చేశారో లెక్క చెప్పండి" అన్నారు.

లెక్క చెప్పడానికి మాకు కొత్త టీచరుగారు దొరికారు. మద్రాసులో ట్రైనింగు చేసి, ఆ ఏడే వచ్చారు. నెమ్మది మనిషి, గట్టిగా మాట్లాడినా నెమ్మదిగానే వినిపించేది. ప్రతి శనివారం ఆఖరి గంటలో మాకు తలా ఒక చీటీ ఇచ్చేవారు. చీటీలో మూడు భాగాలు. నేను చేసినవి, నాకు జరిగినవి, నేను చూసినవి. ఒక్కో భాగంలో నాలుగు గళ్ళు: కొట్టడం, తిట్టడం, గిల్లడం, వస్తువులు పాడుచెయ్యడం. ఎన్నిసార్లయితే అన్ని గీతలు. పేర్లు రాయకూడదు, హాజరుపట్టీలో ఉన్న నంబర్లే రాయాలి. "భయపడకండమ్మా, ఈ చీటీ చూసి ఎవరినీ కొట్టం. ఉన్నది ఉన్నట్టు తెలిస్తేనే కదా ఏం చెయ్యాలో తెలిసేది" అనేవారు.

నా నంబరు పదకొండు. చేతిరాత బాగుంటుంది, కూడికల్లో తప్పు రాదు. బడి గుమస్తా సెప్టెంబరులో ఊరెళ్ళి మళ్ళీ రాకపోవడంతో చిన్నా చితకా రాతపనులన్నీ నా మీదే పడ్డాయి. అలా ఆ చీటీలు కూడే పని కూడా నాకే వచ్చింది. ఆఖరి గంట కొట్టాక అందరూ ఇళ్ళకు పోతుంటే నేను టీచరుగారి బల్ల దగ్గర కూర్చుని నాలుగు నిలువు గీతలు, వాటి మీద అయిదోది అడ్డం గీస్తూ కూర్చునేదాన్ని. ఎవరి గుట్టు ఏమిటో నా చేతిలో ఉందని ఎంత నీలుగో! అమ్మ కోసం ఎదురుచూసే అరగంటా నేను మహారాణినే.

ఇక ఇరవై మూడో నంబరు సంగతి.

ఆమె చిలకలగూడ నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న సర్కారు దఫ్తరులో కాగితాలు నకలు రాసే ఉద్యోగి. సన్నగా, కళ్ళజోడుతో, వీధిలో కుక్క మొరిగితే పక్కకు తప్పుకునే రకం. మేమిద్దరం అయిదో తరగతి నుంచీ ఒకే బెంచీ. నాకు ఉర్దూ అక్షరాలు రాయడం ఆమే నేర్పింది, ఆమెకు తెలుగు వ్యాకరణం నేను నేర్పాను. ఆ ముందటి ఎండాకాలంలో, ఊళ్ళో అల్లర్లని అందరూ తలుపులు వేసుకున్న రోజుల్లో, ఒకసారి చర్చి నుంచి వస్తూ అమ్మా నేనూ దారిలో ఇరుక్కుపోయాం. సందు చివర కర్రలు పట్టుకున్న మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు. ఎక్కణ్ణించి చూశారో, వాళ్ళ నాన్న వచ్చి, "నడువుండ్రి చెల్లే, నేనొస్త" అని మమ్మల్ని మెట్టుగూడ దాకా దిగబెట్టి వెళ్ళారు. దారంతా ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి. అయినా మా ముందే నడిచారు.

సెప్టెంబరు తర్వాత ఆయన్ని విచారణకని తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఆయన రజాకార్లలో ఉన్నాడని తరగతిలో ఎవరో అన్నారు. ఎవరు అన్నారో, వాళ్ళకు ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు. ఆ ఇంటివాళ్ళతో మాట్లాడేవాళ్ళ పేర్లు కూడా రాసుకుంటున్నారని ఇంకొకరన్నారు. ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్తే అమ్మ అన్నం కలుపుతూ చెయ్యి ఆపింది. "ఆ పిల్లతో కొన్నాళ్ళు ఎక్కువ మాట్లాడకమ్మా. రోజులు బాగోలేవు. నాన్న ఉద్యోగం సంగతి కూడా చూసుకోవాలి" అంది. చిన్నగానే అంది. నాకు మాత్రం అది ఆజ్ఞలా వినిపించింది.

ఎక్కువ మాట్లాడకు అంటే తక్కువ మాట్లాడమని. నేను చేసింది అది కాదు. మర్నాడు ఇంటర్వెల్లో, అందరూ చూస్తుండగా, ఆమె ఎదురుగా నిలబడి బొటనవేలి గోరు పై పళ్ళకు ఆనించి టక్కున లాగాను. సికింద్రాబాద్ పిల్లలకు చెప్పక్కర్లేదు, అది కట్టీ. ఇక నీకూ నాకూ మాటల్లేవని. ఆమెతో అందరికన్నా ఎక్కువ దోస్తీ నాదే, కాబట్టి అందరికన్నా ముందు నేనే తెంచుకుంటే నన్నెవరూ ఏమీ అనరని నా తెలివి. నా వెనక ఇంకొకరు లాగారు, తర్వాత ఇంకొకరు. సాయంత్రానికల్లా తరగతి తరగతంతా ఆమెతో కట్టీ. ఇంత పని చేసి, ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నాను. అలాంటిదాన్ని నేను.

మాటల్లేకపోతే పోనీ, అని అనుకోవచ్చు. కానీ మా బడిలో నీళ్ళ పద్ధతి ఒకటుంది. ఒక్కో తరగతి ముందు వరండాలో రెండు పెద్ద కుండలు ఉండేవి. అన్ని కులాల పిల్లలూ, అన్ని మతాల పిల్లలూ చదివే చోట గ్లాసు ఎంగిలి తగాదాలు రాకూడదని పెద్ద టీచరుగారు ఒక నియమం పెట్టారు. దాహమైనవాళ్ళు కుండ ముట్టకూడదు. ఒకరు పొడుగు కాడ గరిటెతో ముంచి పొయ్యాలి, ఇంకొకరు వంగి దోసిట్లో పట్టి తాగాలి. తర్వాత తాగినవాళ్ళు పోసినవాళ్ళకు పొయ్యాలి. తనకు తాను ముంచుకుంటే అరచేతి మీద బెత్తం దెబ్బ. ఇంటి నుంచి చెంబులు తెస్తే పోతాయని తేనిచ్చేవాళ్ళు కాదు. రోజులు బాగోలేవని మధ్యాహ్నం ఇంటికి వెళ్ళనివ్వకుండా గేటుకు తాళం వేసేవాళ్ళు. అంటే బడిలో దాహం తీరాలంటే నీకు పోసే మనిషి ఒకరు ఉండాలి.

ఆమెకు ఎవరూ లేరు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా చుక్క నీరు లేకుండా కూర్చునేది. చలికాలంలో ఎలాగో గడిచింది. ఇంటర్వెల్లో కుండల దగ్గరికి వచ్చి నిలబడేది, అందరూ జతలు జతలుగా తాగి వెళ్ళేదాకా నిలబడి తనూ వెళ్ళిపోయేది. అడిగేది కాదు. అడగడం లేదు కదా, దాహం లేదేమో అనుకునేదాన్ని. నిజంగా అలా అనుకున్నానా? లేదు. అనుకున్నట్టు నటించుకున్నాను.

శనివారం శనివారం ఆమె చీటీ నా చేతికొచ్చేది. నేను చేసినవి, ఏమీ లేదు. నాకు జరిగినవి, ఏమీ లేదు. గళ్ళన్నీ ఖాళీ. ఆ ఖాళీ చీటీ చూసినప్పుడల్లా దాన్ని కట్టలో అడుక్కి తోసేదాన్ని. అయినా ఎవరూ ఆమెను కొట్టలేదు కదా? తిట్టలేదు కదా? లెక్క ప్రకారం తరగతిలో అందరికన్నా సుఖంగా ఉన్న పిల్ల ఆమే. టీచరుగారు ఒకసారి ఆ చీటీ చూసి, "ఈ అమ్మాయికి ఏ గొడవా లేదు, చాలా సంతోషం" అన్నారు కూడా. నేను తల వంచుకుని గీతలు గీసుకున్నాను.

శివరాత్రి వెళ్ళింది. ఎండలు ముదిరాయి. ఒక శుక్రవారం డ్రిల్లు అయ్యాక తరగతంతా కుండల మీద పడ్డాం. నా వంతు తాగడం అయిపోయి గరిటె నా చేతిలోనే ఉంది. ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చింది. పెదవులు తెల్లగా అట్టలు కట్టి ఉన్నాయి.

"మస్తు ప్యాసైతుందే ఇయ్యాల. నువ్వన్న జెర పొయ్యవా?" అంది.

అయిదు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నేను చుట్టూ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. పోసే ధైర్యం లేదు. పొయ్యనని చెప్పే ధైర్యమూ లేదు. గరిటె ముంచాను. ఆమె వంగి దోసిలి పట్టి నోటి దగ్గర పెట్టుకుంది. నేను గరిటె ఎత్తి, ఆమె చేతుల పక్కన, నేల మీద పారబోశాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె వంగిన మనిషి వంగినట్టే ఉండి నేల మీద తడి వంక చూసింది. తర్వాత లేచి, నా చేతిలో గరిటె లాక్కుని నుదుటి మీద ఒక్కటి వేసింది. కనుబొమ పైన చిట్లి రక్తం కారింది.

సిగ్గు విడిచి చెప్తున్నాను. నొప్పి కన్నా ముందు నాకు కలిగింది ఊరట. హమ్మయ్య, ఇప్పుడు తప్పు ఆమెది అనుకున్నాను.

మర్నాడు శనివారం. చీటీలు వచ్చాయి. నుదుటికి కట్టు కట్టుకుని నేను నా చీటీ నింపాను. నాకు జరిగినవి, కొట్టడం, ఒక గీత, నంబరు ఇరవై మూడు. నేను చేసినవి దగ్గర పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కొట్టానా? లేదు. తిట్టానా? లేదు. గిల్లలేదు, ఏ వస్తువూ పాడుచెయ్యలేదు. నీళ్ళు నేల మీద పోశానని రాయడానికి గడి ఏదీ? ఖాళీగా వదిలేశాను. లాయరు బుర్ర నాది, ఆ వయసులోనే.

సాయంత్రం ఆ గీతలన్నీ కలిపాను. అందరూ రాశారు. చూసినవి భాగంలో ప్రతి ఒక్కరూ ఇరవై మూడు కొట్టిందని ఒక్కో గీత పెట్టారు. ఆమె కూడా తన చీటీలో, నేను చేసినవి, కొట్టడం, ఒక గీత పెట్టింది. మొత్తం ఇరవై ఏడు. ఒక్క దెబ్బ, ఇరవై ఏడు గీతలు. నాకు తెలుసు. కూడేటప్పుడే తెలుసు. కానీ కూడమన్నారు, కూడాను. ఆమె తర్వాత ఎక్కువ గీతలున్న నంబరుకు నాలుగే.

టీచరుగారు కాగితం చూసి, "ఇరవై ఏడా!" అని నోరు తెరిచారు. "సరిగ్గా కలిపావా అమ్మా?"

"కలిపానండీ."

ఆవిడ పెద్ద టీచరుగారి గదిలోకి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంది. పెద్ద టీచరుగారి గొంతు వరండాలోకి వినిపించింది. "సోమవారం తల్లిని పిలిపించండి. పేరు కొట్టేద్దాం. సర్టిఫికెట్లో ఉన్నది ఉన్నట్టు రాద్దాం."

ప్రవర్తన సర్టిఫికెట్లో చెడ్డమాట పడితే ఇంకే బడిలోనూ చేర్చుకోరు. మిడిల్ పరీక్ష ఉండదు. ఆమె మిడిల్ పాసై, ట్రైనింగు చేసి టీచరు కావాలనుకునేది, ఆ సంగతి మా అమ్మకు కూడా తెలుసు. తండ్రి లేడు, తల్లి ఇంట్లో కూర్చుని బట్టలు కుడుతోంది, కింద ఇద్దరు చిన్నపిల్లలు. ఆ కాగితం మీద నేను కూడిన అంకె ఆమెకు దారి మూసేస్తుంది.

ఇంటికొచ్చాక అమ్మ కట్టు విప్పి మళ్ళీ కడుతూ అడిగింది. "నిజం చెప్పు. ముందు నువ్వేం చేశావు?"

"ఏం చెయ్యలేదమ్మా."

అమ్మ నా మొహంలోకి చూసింది. తెలిసిపోయిందనుకున్నాను. కానీ ఇంకేం అడగలేదు. "సరే, మన జోలికి రాకుండా ఉంటే అంతే చాలు" అంది. కట్టు ముడి వేస్తూ, "ఆ రోజు వాళ్ళ నాన్న గనక రాకపోతే మనం..." అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యకుండా లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చిలో పాపాలు ఒప్పుకునే ప్రార్థన వచ్చినప్పుడు నాకు నోరు పెగల్లేదు. రెండు భయాలు పట్టుకున్నాయి. ఆమె పేరు కొట్టేస్తారేమోనని ఒకటి. కొట్టేసేముందు ఆమె జరిగిందంతా చెప్పేస్తుందేమోనని ఇంకొకటి. ఏది పెద్ద భయం అని ఆ రోజు ఎవరైనా అడిగితే మొదటిదే అని చెప్పేదాన్ని. నిజానికి రెండోదే పెద్దది. చెప్పేస్తే బడిలో అమ్మ తల ఎలా ఎత్తుకుంటుంది? నా మహారాణీతనం ఏమైపోతుంది? ఆదివారమంతా దెబ్బ సలుపుతూనే ఉంది, సలపడం నాకు బాగానే ఉంది. కనీసం అదన్నా నిజం.

సోమవారం అమ్మ కన్నా ముందే బడికి వెళ్ళాను. టీచరుగారు బల్ల దగ్గర ఒక్కరే ఉన్నారు.

"అండీ, లెక్క తప్పండీ."

"కలిపానన్నావుగా?"

"కూడిక తప్పు కాదండీ. అందరూ ఒకే దెబ్బ రాశారండీ. అది ఇరవై ఏడు కాదండీ, ఒకటేనండీ."

ఆవిడ నా కట్టు వంక చూశారు, కాగితం వంక చూశారు. మొహం పాలిపోయింది. మద్రాసు నుంచి మోసుకొచ్చిన పద్ధతి, పెద్ద టీచరుగారి ముందు గొప్పగా పెట్టిన లెక్క. ఆ గీతలు ఎవరు ఎందుకు గీశారో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. "అందరూ చూశారా? అందరూ ఆ వేళ అక్కడే ఎందుకున్నారమ్మా?" అన్నారు.

"చూస్తున్నామండీ."

"ఏం చూస్తున్నారు?"

"ఆమెకు ఎవరైనా నీళ్ళు పోస్తారా అని."

ఆవిడకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగారు. చెప్పాను. కట్టీ గురించి చెప్పాను, దసరా నుంచి ఎవరూ పొయ్యడం లేదని చెప్పాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "దసరా నుంచా? నా కళ్ళ ముందే? ప్రభువా!" అని, కాసేపటికి, "నువ్వు కూడానా?" అన్నారు.

ఇప్పుడు చెప్పాలి. మొదలుపెట్టింది నేనేనండీ, శుక్రవారం పారబోసింది నేనేనండీ అని. నాలుక చివరి దాకా వచ్చింది.

"అందరమండీ" అన్నాను.

అందరం. ఎంత మంచి మాట! ఇరవై అయిదు మంది వెనక దాక్కోవచ్చు. ఆ మాట తల్చుకుంటే నా మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొదటి గంటలోనే టీచరుగారు మాకు ఖాళీ చీటీలు పంచారు. ఇరవై మూడో నంబరు, వాళ్ళమ్మ అప్పటికే పెద్ద టీచరుగారి గది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. టీచరుగారు బోర్డు మీద ఒక్క ప్రశ్న రాశారు. దసరా తర్వాత ఇరవై మూడో నంబరుకు నువ్వు ఎన్నిసార్లు నీళ్ళు పోశావు? సొంత నంబర్లు కూడా వద్దన్నారు. కొంతమంది ఏడవడం మొదలుపెట్టారు. చీటీలు నా చేతికే ఇచ్చి, "కూడు" అన్నారు. సున్నా, సున్నా, సున్నా. ఒకరు మాత్రం, నన్ను అడగలేదు, అని రాశారు.

"ఎంత?"

"సున్నా అండీ."

ఆ సున్నాలన్నీ పట్టుకుని ఆవిడ పెద్ద టీచరుగారి గదికి నడిచారు, వెనక నేను, దెబ్బ తగిలినదాన్ని కనక. పెద్ద టీచరుగారు ఒక్కో చీటీ తిరగేశారు. చివరికి బయటున్న తల్లీకూతుళ్ళను లోపలికి పిలిపించి, ఆమె వంక చూస్తూ, "నెలల తరబడి నీళ్ళు లేకుండా కూర్చున్నావా? నోరు లేదా నీకు? చీటీలో ఎందుకు రాయలేదు?" అని కసిరారు. కసురుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

"యాడ రాయాలె టీచరమ్మా?" అంది ఆమె. "కొట్టిండ్రా అని అడిగిండ్రు. ఎవ్వరు కొట్టలే. తిట్టిండ్రా అని అడిగిండ్రు. తిట్టలే. అబద్ధం ఎట్ల రాస్త?"

"మరి శుక్రవారం ఈ అమ్మాయిని ఎందుకు కొట్టావు?"

ఆమె నా వంక చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను.

"గుస్సా వచ్చింది. కొట్టిన" అంది. అంతే. నా సంగతి ఎత్తలేదు.

పెద్ద టీచరుగారు ఇక పేరు కొట్టెయ్యబోమని, రేపటి నుంచి నీళ్ళు తనే దగ్గరుండి పోయిస్తానని అన్నారు. అప్పుడు వాళ్ళమ్మ బురఖా ముసుగు వెనక్కి తీసి మొదటిసారి మాట్లాడింది. "మెహర్బానీ అమ్మా. గని మేం పోతున్నం. ఔరంగాబాద్ల మా తమ్ముడున్నడు, రమ్మంటున్నడు. ఇంటాయన జాడ సుత తెలుస్తలేదు, ఇంక ఈడ ఏం జూసుకోని ఉండాలె? నా బిడ్డ ఆడన్న సద్వుకుంటది. సర్టిఫికెట్ జెర మంచిగ రాసియ్యుండ్రి, గంతే."

గుమస్తా లేడు. చేతిరాత బాగున్నది నాదే. పెద్ద టీచరుగారు చెప్తుంటే ఆ బల్ల మీదే నేను రాశాను. చదివిన తరగతి, హాజరు, ఆఖర్న ప్రవర్తన. ఆవిడ ఒక క్షణం ఆగి, "బాగున్నది" అన్నారు. బాగున్నది అని రాశాను. అక్షరం వంకరపోకుండా బిగబట్టి రాశాను. ఆవిడ సంతకం చేశారు. తీసుకెళ్ళి ఇవ్వమని నాకే ఇచ్చారు.

వరండాలో ఆమె కాగితం అందుకుని మొదటి నుంచీ చదువుకుంది. చదవడం అయ్యాక, "రాత మంచిగున్నది" అంది. వాళ్ళమ్మ గేటు దగ్గరికి నడుస్తూ పిలుస్తోంది. ఆమె కాగితం మడతపెట్టి గుప్పిట్లో పట్టుకుని, పాఠంలో తెలియని మాట అడిగినట్టే, కోపమేమీ లేకుండా అడిగింది.

"నీ దాంట్ల ఏం రాస్తరే?"

ఆమె జవాబు కోసం కాసేపు నిలబడి, రాకపోయేసరికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ కనపడలేదు, ఉత్తరం రాయడానికి నా దగ్గర అడ్రసూ లేదు. ఉంటే రాసేదాన్నా అంటే, ఏమో.

తర్వాత నేను మిడిల్ పాసై ఆ బడి వదిలేటప్పుడు నా సర్టిఫికెట్ నా చేతికొచ్చింది. ప్రవర్తన: చాలా బాగున్నది. ఆ కాగితం చూపించే ట్రైనింగులో సీటు తెచ్చుకున్నాను. టీచరునయ్యాను.